ఒంటి మీది పులుపుని కడిగేసుకోకండి

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఇల్లంతా రెండు పూటలా ఫ్లోర్ క్లీనర్ వేసి తడిగుడ్డ పెట్టిస్తారట, మూడేళ్ళ బాబుకి స్నానం నీళ్ళలో యాంటీసెప్టిక్ లోషన్, ఒంటికి యాంటీ బాక్టీరియల్ సబ్బు, పార్కుకెళ్ళొస్తే మళ్ళీ స్నానం. అయినా వాడికి మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక ఎర్రగా అయిపోయి ఒకటే దురద. "ఇంకా ఏం చెయ్యాలి?" అన్నారు. అమ్మా, ఇప్పుడు చేస్తున్నవాటిలో సగం మానెయ్యాలి, కానీ ఏ సగం అన్నదే అసలు సంగతి.

క్రిములంటే ఏంటి, జబ్బులెలా వస్తాయి, ఇవన్నీ స్కూల్లో చదువుకున్నవే కాబట్టి వదిలేస్తున్నా. నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యం వేసేది చర్మం పైపొర. స్ట్రాటమ్ కార్నియమ్ అంటారు. అరచేతులు, అరికాళ్ళు వదిలేస్తే దీని మందం మిల్లీమీటర్లో యాభయ్యో వంతు, అంతే. అందులోనే 15, 20 వరసల చచ్చిన కణాలుంటాయి. ఇటుక గోడ అనుకోండి: ఆ కణాలు ఇటుకలు, మధ్యలో ఉండే సెరమైడ్లు, కొలెస్టరాల్, ఫ్యాటీ ఆసిడ్లు అనే కొవ్వులు సిమెంటు. ఒంట్లో నీళ్ళు ఆవిరైపోకుండా, బయటి చెత్త లోపలికి దిగకుండా ఆపుతున్నది ఈ సిమెంటే.

ఈ గోడ కొంచెం పుల్లగా ఉంటుంది. పులుపుని కొలిచే అంకెని పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ పులుపెక్కువ. రక్తం పీహెచ్ 7.4 అయితే దీనిది 5 అటూఇటూ. చెమటలోని లాక్టిక్ ఆసిడ్, చర్మం మీద కాపురముండే బాక్టీరియా మన జిడ్డుని విరగ్గొడితే వచ్చే ఫ్యాటీ ఆసిడ్లు, ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ చితికిపోయి ఇచ్చే ముక్కలు, అన్నీ కలిసి ఆ పులుపు. సెరమైడ్లని తయారుచేసే ఎంజైములు ఈ పులుపులోనే బాగా పనిచేస్తాయి. ఇటుకల్ని పట్టి ఉంచే ప్రోటీన్ కొక్కేలుంటాయి, వాటిని కత్తిరించే ఎంజైములు వేరే ఉంటాయి, పాత వరస రాలిపోవాలి కాబట్టి అవీ కావాల్సినవే, కాకపోతే పులుపు తగ్గితే అవి రెచ్చిపోతాయి. అంటే పీహెచ్ పెరిగిందంటే అటు మేస్త్రీ పని మానేస్తాడు, ఇటు గోడ కూల్చేవాడు ఓవర్‌టైమ్ చేస్తాడు.

మామూలు ఒంటి సబ్బు పీహెచ్ 9 నుంచి 10. ఈ స్కేలులో ఒక్కో అంకెకి పది రెట్ల తేడా, కాబట్టి 5 నుంచి 9కి అంటే పదివేల రెట్లు! ఒక్క స్నానానికి ఏం కాదు, కొన్ని గంటల్లో చర్మం మళ్ళీ తన పులుపు తను తెచ్చుకుంటుంది. అది తెచ్చుకునేలోపే ఇంకో స్నానం, మధ్యలో మొహం కడగడం, మళ్ళీ పడుకునేముందు వేడివేడి నీళ్ళు, ఇట్లా అయితే ఎప్పటికి కోలుకుంటుంది? పైగా సబ్బు పనే కొవ్వుని లాగడం, అది జిడ్డుతోపాటు సిమెంటుని కూడా లాగుతుంది. ఎగ్జిమా (ఇలా చర్మం ఎర్రబడి దురదపెట్టే జబ్బు) ఉన్న పిల్లల చర్మం మీద ఎక్కువగా కనపడే స్టఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియాకి ఈ పులుపు తగ్గిన చర్మం చాలా అనుకూలం. దాన్ని అడ్డుకునే రసాయనాలు తయారుచేసే స్టఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి మంచివి కూడా యాంటీసెప్టిక్ దెబ్బకి పోతాయి. ఏ క్రిమి కోసం ఇంత కడుగుతున్నామో దానికే ఇల్లు ఖాళీ చేసి ఇస్తున్నాం.

అలాగని తప్పంతా మీదేనని బాధపడొద్దు, ఎగ్జిమా వంశంలో వస్తుంది, ఫిలాగ్రిన్ జీన్‌లో లోపంతో పుట్టే పిల్లలున్నారు. బాబుకి రోజూ ఒక్క స్నానం చాలు, గోరువెచ్చటి నీళ్ళు, ఐదు పది నిమిషాలు, సబ్బు చంకలకీ గజ్జలకీ పాదాలకీ మాత్రమే, ఒళ్ళు తడి ఆరకముందే మాయిశ్చరైజర్. స్నానం నీళ్ళలో వేసే యాంటీసెప్టిక్ లోషన్ పక్కన పెట్టేయండి. తగ్గకపోతే స్కిన్ డాక్టర్‌కి చూపించండి. సున్నిపిండి సంగతి చాలామంది అడుగుతుంటారు, సబ్బంత క్షారం కాదు కానీ దురద పెట్టే చర్మం మీద గరగరా రుద్దితే అదీ హానే.

ఇప్పుడు మానకూడని సగం. చేతులు! కరాచీ మురికివాడల్లో సబ్బులు పంచి చేతులు కడుక్కోవడం అలవాటు చేస్తే ఐదేళ్ళలోపు పిల్లల్లో న్యుమోనియా సగానికి తగ్గింది, విరేచనాలు కూడా దాదాపు అంతే తగ్గాయి, 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో కొన్ని ఇళ్ళకి మామూలు సబ్బు, కొన్నిటికి యాంటీ బాక్టీరియల్ సబ్బు ఇచ్చారు, తేడా ఏమీ లేదు. 2016లో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్‌తో కలిపి 19 క్రిమిసంహారక రసాయనాలని సబ్బుల్లోంచి తీసెయ్యమంది, మామూలు సబ్బు కంటే మేలని కంపెనీలు నిరూపించలేకపోయాయి కాబట్టి. దొడ్డికెళ్ళొచ్చాక, తినేముందు, వంటకి ముందు, పచ్చి మాంసం ముట్టుకున్నాక, 20 సెకన్లు, ఇవి వదలకండి. కోడి మాంసాన్ని కుళాయి కింద పెట్టి కడగడం మాత్రం మానెయ్యండి, ఆ తుంపర్లతో సాల్మొనెల్లా అనే బాక్టీరియా సింకంతా, పక్కనున్న కొత్తిమీర మీదకీ పోతుంది, ఉడికితే అది ఎలాగూ చస్తుంది.

నేల మీద క్రిములు కాదు మన ఇబ్బంది, గిన్నెలు తోమే స్పాంజి. 2017లో జర్మనీ వాళ్ళు వాడిన స్పాంజిలు పరీక్షిస్తే కొన్నిచోట్ల ఘన సెంటీమీటరుకి 5 వేల కోట్ల దాకా బాక్టీరియా కణాలు కనపడ్డాయి. అన్నీ జబ్బు చేసేవి కావు, అయినా తరచూ మార్చడమే మంచిది. మరో మాట, బాత్రూములో ఆసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనరూ బ్లీచింగ్ పౌడరూ ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపేసుకుని ఉంటే ప్రాణాల మీదకొస్తుంది.

మట్టి మంచిదే అంటారు కదా అని కూడా అడిగారు. 1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 17 వేల మంది బ్రిటిష్ పిల్లల్ని లెక్కేస్తే అన్నలూ అక్కలూ ఎక్కువున్నవాళ్ళకి హే ఫీవర్ (పుప్పొడి అలర్జీ) తక్కువ వచ్చింది, చిన్నప్పుడు క్రిములు తగిలితే అలర్జీలు తగ్గుతాయన్న ఆలోచన అక్కడ మొదలైంది. 2016లో అమెరికాలో వ్యవసాయం చేసుకునే అమిష్, హటరైట్ అనే రెండు క్రైస్తవ వర్గాల పిల్లల్ని పోల్చారు, పూర్వీకులూ తిండీ దగ్గర దగ్గరే, అమిష్ వాళ్ళవి ఇంటి పక్కనే ఆవులూ గుర్రాలూ ఉండే చిన్న పొలాలు, ఆస్తమా వీళ్ళలో 5 శాతం, యంత్రాలతో పెద్ద పొలాలు చేసే హటరైట్లలో 21 శాతం. పశువుల దుమ్ములోని రకరకాల సూక్ష్మజీవులు చిన్నప్పుడే రోగనిరోధక వ్యవస్థకి పాఠం నేర్పుతాయన్నమాట. కలరా, టైఫాయిడ్ మాత్రం ఏ పాఠమూ నేర్పవు. పేడ క్రిముల్ని చంపుతుందని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు, నాకు చాలా కోపం వచ్చే మాట అది, పేడలో ధనుర్వాతం స్పోర్లు (నిద్రాణంగా ఉండే క్రిమి బీజాలు) ఉంటాయి, పసిపిల్లల బొడ్డుకి పూసి ఎంతమందిని పోగొట్టుకున్నామో. టీకాలూ ఆసుపత్రి కాన్పులూ పెరిగాకే 2015లో మన దేశంలో పసికందుల ధనుర్వాతం అదుపులోకొచ్చింది.

కాబట్టి బాబుని పార్కులో ఆడనివ్వండి, కుక్కపిల్లని ముట్టుకోనివ్వండి, ఇంటికొచ్చాక చేతులూ కాళ్ళూ కడిగితే చాలు. మట్టిలోకి మాత్రం చెప్పులతోనే పంపండి, ఎందుకంటే కొంకిపురుగు (హుక్‌వార్మ్) పిల్లలు అరికాలి చర్మంలోంచే లోపలికి దూరతాయి. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మందు ఇస్తారు, బాబు వయసుకి ఎంత డోసో అక్కడ అడిగి వేయించండి.