గాలితో ముడుచుకునే చక్రాలు: అపోహలు, వాస్తవాలు

విజయనగరంలోని నా బల్ల మీదకు మరమ్మతుకు వచ్చే మోడల్ విమానాల రెక్కల్లో చాలావాటికి చక్రం కాలు ఊడి ఉంటుంది. ట్యాంకులో నింపిన గాలి సిలిండరులోని పిస్టనును తోస్తే ముడుచుకుని, దిగే కాళ్లు ఇవి; వీటినే రిట్రాక్ట్‌లు అంటారు. తెచ్చినవారు చెప్పే మాట ఒకటే: "గాలి దిగిపోయిందండీ." రెక్క బోర్లించి చూస్తే ఆ పాపంలో గాలి వాటా తక్కువే. గాలి చేసే పని తొయ్యడం ఒక్కటే. మిగతా భారమంతా పిన్ను మీద, చెక్క మీద, అమర్చిన చేతి మీద ఉంటుంది.

అపోహ: గాలి ఒత్తిడే కాలిని నిలబెడుతుంది, లీకైతే దిగేటప్పుడు మడతపడుతుంది.

కాదు. కాలిని తిప్పే దిమ్మెలో ఒక గాడి ఉంటుంది. పిస్టను లాగే పిన్ను ఆ గాడిలో జారుతూ కాలిని తిప్పి, చివరి మలుపులో పడి తాళం వేసుకుంటుంది. ఆ తర్వాత చక్రం మీద పడే బరువు పిన్నుకు అడ్డంగా పడుతుందే తప్ప పిస్టనును వెనక్కి తోయదు. పరీక్ష సులువు. కాలు దించి, గాలి మొత్తం వదిలేసి, చేత్తో వెనక్కి నొక్కండి. మడత పడిందంటే పిన్ను చివరిదాకా వెళ్లడం లేదు. పిన్ను అరిగి ఉండాలి, లేదా చక్రం గూటి అంచు ఎక్కడో అడ్డుపడుతూ ఉండాలి.

అసలు ప్రమాదం దీనికి తిరగబడి ఉంటుంది. కాలు పైన తాళం పడి ఉండగా గాలి అయిపోతే అది కిందికి రాదు. అందుకే లెక్క తెలియాలి. లోపలి వ్యాసం 10 మి.మీ., కదలిక 20 మి.మీ. ఉన్న సిలిండరు ఒక్క కదలికకు సుమారు 1.6 ఘన సెంటీమీటర్ల గాలి తాగుతుంది. మూడు కాళ్లనూ ఒకసారి ముడిచి దించితే దాదాపు 9.4. వంద ఘన సెంటీమీటర్ల ట్యాంకును 100 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి కొలత) నింపామనుకుందాం. వాతావరణ పీడనాన్ని కూడా కలుపుకొని బాయిల్ సూత్రంతో (గాలికి చోటు పెరిగిన కొద్దీ ఒత్తిడి తగ్గుతుంది) లెక్కిస్తే, ఐదుసార్లు ముడిచి దించేసరికి మీటరు ముల్లు 58 దగ్గరకు వస్తుంది. గొట్టాలు తినే గాలి ఇందులో లేదు. ఒక్కో పిస్టను తోపు 5.5 కిలోల నుంచి 3.2 కిలోలకు పడిపోతుంది. ఎదురుగాలిలో కాలిని దించడానికి ఆ తోపు చాలుతుందో లేదో నేల మీదే తేల్చుకోవాలి. ముల్లును 60కి దించి, కాలు పూర్తిగా తాళం పడుతోందా అని చూడండి. గాలి పోతే స్ప్రింగు దానంతట అదే కాలిని దించే రకాలూ ఉన్నాయి. గుండె దడ ఉన్నవారికి అవే మేలు.

అపోహ: ఒత్తిడి ఎంత ఎక్కువైతే అంత మంచిది.

చాలా సెట్లకు 100 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు 7 కిలోలు, సరిపోతుంది. అంతకు మించితే కాలు ఠప్పున కొట్టుకుంటుంది, దెబ్బంతా పిన్నుకూ స్క్రూలకూ తగులుతుంది. కాలు నిదానంగా, చూడముచ్చటగా కదలాలంటే ఒత్తిడిని పెంచడమో తగ్గించడమో కాదు, గాలి దారిని సన్నం చేసే స్క్రూ ఉన్న వాల్వు పెట్టుకోవాలి. కూల్‌డ్రింకు సీసాను ట్యాంకుగా వాడతామనే కుర్రాళ్లకు నా దగ్గర చోటు లేదు.

అపోహ: కంప్రెసరు లేనిదే పని జరగదు.

మీటరున్న సైకిలు పంపు చాలు. ట్యాంకు చిన్నది కాబట్టి పంక్చరు షాపు కంప్రెసరు రెప్పపాటులో హద్దు దాటిస్తుంది. పైగా మన కోస్తా ఉక్కలో అది గాలితో పాటు నీటినీ తోస్తుంది. ఇంకో మాట. పంపు కొట్టిన కాసేపటికి ముల్లు కొంచెం దిగితే కంగారు పడకండి. నొక్కినప్పుడు వేడెక్కిన గాలి చల్లారుతోంది, అంతే. చల్లారాక మళ్లీ నింపి అరగంట చూడండి. అప్పుడూ దిగుతుంటే అది లీకు.

లీకు వెతకడానికీ ఒక వరుస ఉంది. కాళ్లు పైన ఉంచి ఒకసారి, కింద ఉంచి ఒకసారి చూడాలి. ఒక స్థితిలోనే గాలి దిగుతుంటే తప్పు ఆ వైపు గొట్టంలోనో ఓ-రింగులోనో (గాలి కారకుండా పెట్టే రబ్బరు రింగు) ఉంటుంది. రెండింటిలోనూ దిగుతుంటే ట్యాంకు, నింపే వాల్వు, వాటి మధ్య కీళ్లు చూడండి. సైకిలు షాపులో ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూసినట్టే, ఇక్కడ కీళ్లకు కుంచెతో సబ్బు నీళ్లు రాస్తే చాలు. బుడగలెక్కడా లేకపోయినా సన్నగా బుస్సుమంటుంటే సర్వోను, అంటే గాలి వాల్వును కదిపే చిన్న మోటారును, అనుమానించండి. అది వాల్వును చివరిదాకా లాగకపోతే గాలి మధ్యలోంచే జారిపోతుంది. గొట్టాన్ని కొత్త బ్లేడుతో నిటారుగా కోయాలి. పాత గొట్టాన్ని పీకకూడదు, నిలువునా చీల్చి తీయాలి.

అపోహ: ఓ-రింగుకు ఏ నూనైనా ఒకటే.

కొబ్బరినూనె రాసిన సిలిండరు కూడా నా దగ్గరకు వచ్చింది! సుమారు 24 డిగ్రీల కిందికి వస్తే అది గడ్డకడుతుంది. సంక్రాంతి ఉదయాల్లో మన ఊళ్లో అంతకంటే చల్లగానే ఉంటుంది. సిలికాన్ నూనె ఒక్క చుక్క వేసి, పైకి కనిపించే పిస్టను కడ్డీని పొడిగా తుడవండి. లేకపోతే ఇసుక అంటుకుంటుంది. కళింగపట్నం వంటి తీరాల్లో ఎగరేసి వచ్చిన రోజు ఉక్కు పిన్నులను తుడవకుండా పెట్టె మూయకండి, ఉప్పు గాలికి తుప్పు పడతాయి.

అపోహ: రిట్రాక్ట్ ఖరీదైనదైతే చెక్క ఏదైనా ఫర్వాలేదు.

ఊడి వచ్చిన రెక్కల అసలు కథ ఇదే. మోడల్ దిగేటప్పుడు చక్రం వరి కొయ్యకు తగిలి, వెనక్కి 5 కిలోల బలం పడిందనుకోండి. కాలు 15 సెంటీమీటర్లు, స్క్రూల మధ్య దూరం 3 సెంటీమీటర్లు ఉంటే, ముందు జత స్క్రూల మీద కిందికి లాగే బలం 25 కిలోలు. తేలికైన బాల్సా చెక్క దాన్ని ఓర్చుకోలేదు. గట్టి చెక్క పట్టీలు వెయ్యాలి. ఆ పట్టీలు ఒక్క రిబ్బుకు (రెక్కకు ఆకారమిచ్చే పక్కటెముక లాంటి చెక్క) కాదు, కనీసం రెండు రిబ్బులకు ఎపాక్సీ జిగురుతో అతకాలి. ఆ రిబ్బులకు పక్కన 3 మి.మీ. ప్లైవుడ్ తొడుగు కూడా ఉండాలి. చెక్క స్క్రూల కంటే వెనక నట్టు ఉన్న మర స్క్రూలు నయం. కోతలైన పొలంలో ఎగరేసేవారు ముడుచుకునే చక్రాల జోలికి పోకుండా ఉంటే ఇంకా నయం. గట్టి మైదానం దొరికేదాకా మామూలు తీగ కాళ్లే వాడండి.

అపోహ: రెండు కాళ్లూ ఒకే క్షణంలో కదలాలి.

అసలు విమానాల్లోనే, రెండో ప్రపంచ యుద్ధం నాటి పీ-40 యుద్ధవిమానం కాళ్లు ఒకదాని వెనక ఒకటి ముడుచుకునేవి. రెండూ తాళం పడితే చాలు.

అపోహ: గాలితో నడపడం ఆటబొమ్మల పని.

ఒకప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపిన ఫోకర్ ఫ్రెండ్‌షిప్ విమానానికి చక్రాలు ముడిచేదీ, బ్రేకులు వేసేదీ గాలే. యాక్-52 శిక్షణ విమానానిదీ అదే పద్ధతి.

అపోహ: ఎలక్ట్రిక్ రిట్రాక్ట్‌లు వచ్చాక ఇవి దండగ.

మొదటిసారి అమర్చేవారికి నేనూ ఎలక్ట్రిక్ వాటినే చెబుతాను. గొట్టాలు లేవు, లీకులు లేవు, ఎగరేసే ప్రతిసారీ పంపు కొట్టే పని లేదు. అయితే కాలికి ఏదైనా అడ్డుపడితే వాటిలో చాలా రకాలు కరెంటు ఆపేసుకొని సగంలో నిలిచిపోతాయి. గాలి మాత్రం తోస్తూనే ఉంటుంది, అడ్డు తొలగగానే కాలు దిగుతుంది. గొట్టాలు ముందే వేసి ఉన్న పాత రెక్క చేతికి వస్తే దాన్ని కోసి మోటార్లు పెట్టకండి. ఓ-రింగులు, గొట్టాలు కొత్తవి వేసి వాడుకోండి.