డేగ నీడ

అమ్మలూ,

మొన్న ఆర్కే బీచ్‌లో మన తల మీదుగా నావికాదళం హెలికాప్టర్ వెళ్తుంటే నా చెయ్యి పట్టి లాగావు. "తాతయ్యా, పండుగకు మనం ఊరెళ్లినప్పుడు పోలీసులు ఇలా పైన తిరుగుతుంటే ఇళ్లలోకి దొంగలు రారు కదా?" అన్నావు. ఆలోచించి చెబుతానన్నాను.

ఇక్కడి నావికాదళ విమాన స్థావరం పేరు ఐఎన్ఎస్ డేగా. ఆ పేరు తలచుకోగానే నాకు మా జొన్న చేను గుర్తొచ్చింది.

నీ అంత వయసులో, పద్మనాభం దగ్గర మా ఊళ్లో, బడికి వెళ్లేముందు మంచె ఎక్కి కాపలా కాసేవాణ్ణి. వడిసెల తిప్పి రాయి విసిరితే పిచ్చుకలు గుంపుగా లేచి ఇంకో మూల వాలేవి. డేగ వస్తే మాత్రం, దాని నీడ కంకుల మీద పాకగానే చేనంతా నిశ్శబ్దం. నాన్న చద్దన్నం తెచ్చి, ఉల్లిపాయను గుప్పిటతో చితక్కొట్టి పెట్టేవారు. ఆ ఘాటు ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. "డేగ ఉంటే నేనెందుకు నాన్నా?" అని ఒకరోజు అడిగాను. "అది వెళ్లాక ఎంతసేపటికి తిరిగొస్తాయో చూడు. పక్క చేను వైపూ చూడు" అన్నారు. చూశాను. కొన్ని పక్క చేలో వాలాయి. మిగిలినవి నా ముద్ద పూర్తయ్యేలోపే మా కంకుల మీద ఉన్నాయి.

పోలీసు హెలికాప్టర్‌నూ అలాగే పరీక్షించాలి. అమెరికాలోని నాష్‌విల్ నగరంలో పరిశోధకులు చేసింది అదే. దొంగతనాలు ఎక్కువగా జరిగే ఒక ప్రాంతం మీద హెలికాప్టర్‌ను కొన్నాళ్లు తిప్పారు, ఆపారు, మళ్లీ తిప్పారు. 1978లో ఫలితాలు అచ్చయ్యాయి. తిరిగిన రోజుల్లో ఇళ్ల దొంగతనాలు బాగా తగ్గాయి. దానికైన ఖర్చునూ కలిగిన లాభాన్నీ పక్కపక్కన పెట్టి లెక్క కట్టారు కూడా. అంతకుముందు 1972-73లో అమెరికాలోనే కాన్సస్ సిటీ అనే నగరంలో కొన్నిచోట్ల గస్తీ కార్లను రెండు మూడు రెట్లు పెంచి చూస్తే దొంగతనాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జనం ఆ మార్పును పెద్దగా గమనించనే లేదట. ఆకాశంలో తిరిగేది అలా కాదు, అందరికీ కనబడుతుంది, వినబడుతుంది. ఆ చప్పుడులోనే సగం కాపలా ఉందని నా నమ్మకం.

కానీ దొంగ పిచ్చుక కాదమ్మా. డేగ వెళ్లేదాకా ఓపిగ్గా కూర్చోగలడు. రోజంతా, ఏడాదంతా విశాఖ మీద హెలికాప్టర్ తిప్పడం ఎవరి తరం? పైగా, తాళం వేసిన ఇల్లూ లోపల అమ్మమ్మ కునుకు తీస్తున్న ఇల్లూ పైనుంచి ఒక్కలాగే ఉంటాయి. దొంగ వీధిలోంచి చూస్తాడు. గుమ్మంలో రెండు రోజుల పేపర్లు, గేటుకు వేలాడే పాల ప్యాకెట్టు. ధనుర్మాసంలో ఇంకా సులువు, వీధంతా ముగ్గులుంటే ఒక్క గేటు ముందు ఖాళీ నేల. అందుకే ఊరెళ్లేముందు నాన్నతో తాళం వేసిన ఇళ్ల మీద పోలీసులు నిఘా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్‌ అనే ఏర్పాటులో నమోదు చేయించు, వాళ్లు ఇంట్లో కెమెరా పెడతారు. పక్కింటి పిన్నిగారికి చెబితే మన గేటు ముందు కూడా ఒక ముగ్గు వేస్తారు.

రేపు పొద్దున్నే తమ్ముణ్ణి తీసుకుని డాబా ఎక్కు. సీతమ్మధారలో మీ వీధిని పైనుంచి చూసి, ఎన్ని ఇళ్లకు తాళాలున్నాయో లెక్కపెట్టు. తరవాత కిందికి దిగి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ మళ్లీ లెక్కపెట్టు. రెండు లెక్కలూ నాకు రాయి.

మీ తాతయ్య