నోటో ద్వీపకల్పం మారుమూల ప్రాంతంగా ఎలా మారింది?

2024 జనవరి 1 సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు జపాన్‌లోని నోటో ద్వీపకల్పాన్ని 7.6 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. కూలిన ఇళ్ల కింద, మంటల్లో చిక్కుకుని రెండు వందల మందికి పైగా చనిపోయారు. తర్వాతి నెలల్లో చలికి, అలసటకు, అనారోగ్యానికి బలైనవారి సంఖ్య అంతకు మించిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో కుండపోత వానలు కురిసి, నిర్వాసితుల కోసం కట్టిన తాత్కాలిక గృహాలను సైతం ముంచెత్తాయి. కొండల నడుమ చెదురుమదురుగా ఉన్న ఊళ్లను మళ్లీ కట్టాలా, లేక జనాన్ని కొద్దిపాటి పట్టణాలకు తరలించాలా అన్న చర్చ అప్పటినుంచి సాగుతోంది. తగ్గుతున్న జనాభాను, భవిష్యత్తులో నిర్వహణకయ్యే ఖర్చును లెక్కలోకి తీసుకోవాలని ఆర్థిక మంత్రిత్వ శాఖ సలహా మండలి 2024 ఏప్రిల్‌లోనే సూచించింది. నోటో పుట్టుకతోనే మారుమూల ప్రాంతమన్న భావన ఈ వాదనల వెనుక తరచుగా కనిపిస్తుంది. చరిత్ర మాత్రం అందుకు భిన్నంగా ఉంది.

హోన్షు ద్వీపం నడిభాగం నుంచి జపాన్ సముద్రంలోకి ఉత్తరంగా సుమారు వంద కిలోమీటర్లు చొచ్చుకెళ్లి, కొస దగ్గర తూర్పుకు వంగిన నేల ఇది. పాలనాపరంగా ఎక్కువ భాగం ఇషికావా ప్రిఫెక్చర్‌లో ఉంది. పడమటి, ఉత్తర తీరాలను చలికాలపు అలలు కోస్తూ ఉంటే, తూర్పున నానావో అఖాతం నోటో దీవిని ఒడిలో పెట్టుకుని ప్రశాంతంగా ఉంటుంది. చదునైన నేల తక్కువ కావడంతో షిరోయొనే వద్ద సముద్రంలోకి దిగే వాలును 1,004 చిన్నచిన్న వరి మడులుగా మలిచారు. ఉత్తర తీరాన మెట్లుమెట్లుగా కనిపించే నేల, వేల ఏళ్లుగా భూకంపాలు సముద్రపు అడుగును పైకెత్తడం వల్ల ఏర్పడిందే. 2024లోనూ తీరం కొన్నిచోట్ల నాలుగు మీటర్ల వరకు లేచింది. ఉత్తర తీరంలోని వాజిమా పట్టణానికి పడమట ఉన్న చిన్న రేవుల్లో నీరు పోయి అడుగు బయటపడింది. పడవలు కట్టినచోటే నేలకు ఆని నిలిచిపోయాయి.

సముద్రమే రాజమార్గంగా ఉన్న కాలంలో నోటో దారి మధ్యలో ఉండేది. 718లో ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడిన ఈ ప్రాంతంలోని ఫుకురా రేవు, ఆవలి ఒడ్డున కొరియా, మంచూరియా ప్రాంతాల్లో ఉన్న బల్హే రాజ్యంతో రాయబారాలు నడిచిన రోజుల్లో ముఖ్యమైన మజిలీ. తర్వాత హతకెయామా వంశం నానావో కోట నుంచి పాలించింది. 1577లో ఆ కోట యుద్ధ ప్రభువు ఉయెసుగి కెన్షిన్ చేతికి చిక్కగా, 1581లో నోటో మరో ప్రభువు మయెదా తొషియియెకు దక్కింది. మయెదా వంశం నడిపిన కాగా సంస్థానం ఇక్కడి జనానికి బియ్యం ముందుగా ఇచ్చి, బదులుగా ఉప్పు తీసుకునేది. సముద్రపు నీటిని మోసుకొచ్చి ఇసుక మడులపై చేత్తో చల్లి ఉప్పు తీసే పద్ధతి ద్వీపకల్పం కొసనున్న సుజులో నేటికీ బతికే ఉంది.

ఒసాకాకూ హొక్కైడోకూ మధ్య తిరిగిన కితమయెబునె వర్తక నౌకలు నోటోకు సిరి తెచ్చాయి. వాజిమా లక్క పాత్రలు దేశమంతా చేరింది ఈ దారినే. కాల్చి పొడి చేసిన స్థానిక మట్టిని లక్కలో కలిపి అడుగు పూతలు వేస్తారు. చెక్కగిన్నె అంచుల వంటి బలహీనమైన చోట్ల బట్ట అంటిస్తారు. ఆ తర్వాత పూత వేయడం, ఆరబెట్టడం, రుద్దడం ఎన్నోసార్లు సాగుతాయి. పాత్ర తరాలపాటు నిలవడానికి కారణం పైమెరుపు కాదు, కంటికి కనిపించని ఈ అడుగుపని.

రైలు వచ్చాక దేశపు దారులు సముద్రం నుంచి నేలమీదికి మారిపోయి, నోటో పక్కకు జరిగింది. 1321లో స్థాపితమైన సోజిజి అనే జెన్ బౌద్ధ మఠం 1898లో కాలిపోయింది. దాని ప్రధాన పీఠాన్ని 1911లో ఇక్కడి నుంచి టోక్యో చెంతనున్న యోకొహామాకు తరలించారు. 1898లోనే నానావో చేరిన రైలు వాజిమాకు రావడానికి 1935 దాకా పట్టింది. వచ్చిన రైలు కూడా నిలవలేదు: వాజిమా మార్గం 2001లో, సుజుకు వెళ్లే నోటో మార్గం 2005లో మూతపడ్డాయి. 1954లో పట్టణంగా ఏర్పడినప్పుడు సుజు జనాభా దాదాపు 38 వేలు; 2020 నాటికి అది 13 వేల లోపే, అందులో సగానికి పైగా 65 ఏళ్లు దాటినవారు.

ఆ లోటు పూడ్చేందుకు మూడు విద్యుత్ సంస్థలు 1970లలో సుజులో అణు విద్యుత్ కేంద్రాన్ని ప్రతిపాదించాయి. ఊళ్లు రెండుగా చీలినా, స్థానికుల ప్రతిఘటన దశాబ్దాలపాటు నిలబడింది; 2003 డిసెంబరులో ఆ ప్రణాళికను పక్కన పెట్టారు. ప్రతిపాదిత స్థలాల్లో ఒకటైన తకాయా 2024 భూకంపంలో కొండచరియలు విరిగిపడి బయటి ప్రపంచంతో సంబంధం కోల్పోయింది. అక్కడ రియాక్టర్ ఉండి ఉంటే జనాన్ని ఏ దారిన తరలించేవారో ఊహించడమే కష్టం. నాడు వద్దని పోరాడినవారికి దేశం రుణపడి ఉంది.

సహాయం ఆలస్యం కావడానికి కొండలు ఎంత కారణమో, ప్రత్యామ్నాయ మార్గాలు లేకపోవడమూ అంతే కారణం. తీరం వెంట సాగే 249వ జాతీయ రహదారి అనేకచోట్ల తెగిపోయింది. షిరోయొనే సమీపంలో కొత్తగా పైకి లేచిన సముద్రపు అడుగు మీదుగానే తాత్కాలిక దారి వేయాల్సివచ్చింది. ద్వీపకల్పాల అభివృద్ధి కోసం 1985లో చేసిన ప్రత్యేక చట్టాన్ని 2025 మార్చిలో విపత్తు నివారణ లక్ష్యాన్ని జోడించి మరో పదేళ్లు పొడిగించారు. రేవుల్లో పూడిక తీయడం, రోడ్లు బాగుచేయడం ఖర్చుతో కూడినవే. కానీ ఆ ఖర్చును లెక్కగట్టేవారు, మూసేసిన రైలు మార్గాల వల్ల ఈ ఊళ్లు పోగొట్టుకున్నదాన్ని కూడా అదే పద్దులో చూపాలి.