పేపర్ల గదా, పిల్లల గదా: తగువు వెనక 2011

చెన్నైలో మా పేట లైబ్రరీలో పేపర్ల గదిని పిల్లల విభాగంగా మారుస్తామని నోటీసు అంటించగానే పాత తగువు మళ్లీ రాజుకుంది. గోడల నిండా అడవి బొమ్మలు, మధ్యలో చెట్టు, దాని చుట్టూ చిన్న బల్లలు. ఇదీ ప్లాను. పొద్దున్నే పేపర్ చదవడానికి వచ్చే పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. తెలుగు పుస్తకాల బీరువా కూడా ఆ గదిలోనే ఉంది కాబట్టి తెలుగు ఇళ్లలోనూ ఇదే మాట నడుస్తోంది.

1948 మద్రాసు గ్రంథాలయ చట్టం, దాని వెనక గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి కృషి అందరికీ తెలిసినవే. నా దృష్టిలో ఈ తగువుకు వేరు 2011 నవంబరులో ఉంది.

అంతకు ఏడాది ముందు, 2010 సెప్టెంబరు 15న, కోట్టూర్‌పురంలో అన్నా సెంటినరీ లైబ్రరీ తెరిచారు. అందులో మొదటి అంతస్తులో పిల్లల విభాగం పెట్టి, మధ్యలో పెద్ద కృత్రిమ చెట్టు నిలబెట్టారు. మా అమ్మాయిని మొదటిసారి తీసుకెళ్లిన రోజు పుస్తకాల వంక చూడనే లేదు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, దాని మొదలు దగ్గర కూలబడి, చేతికందిన పుస్తకం లాగింది. ఆ తర్వాత గంటసేపు లేవలేదు.

2011 మే నెలలో ప్రభుత్వం మారింది. నవంబరు 2న మంత్రివర్గం ఆ లైబ్రరీని నుంగంబాక్కంలో బడుల విద్యాశాఖ కార్యాలయాలుండే డీపీఐ ఆవరణకు తరలించి, భవనాన్ని పిల్లల ఆసుపత్రి చేస్తామని ప్రకటించింది. పాఠకులు కోర్టుకెక్కారు. రెండు రోజుల్లో మద్రాసు హైకోర్టు స్టే ఇచ్చింది. భవనం దక్కింది కానీ సౌకర్యాల కోసం ఆ తర్వాత కూడా కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది.

పేపర్ల గదివాళ్లు ఈ సంగతే ఎత్తి చూపుతున్నారు. అప్పుడూ పిల్లల పేరే చెప్పారు, ఇప్పుడూ అదే చెబుతున్నారని వాళ్ల వాదన. రిటైరైన మనిషికి ఇంట్లో దొరకని చోటు అక్కడ దొరుకుతుందన్నదీ నిజమే.

కానీ ఆ రోజు ఆ ఆర్డరు అమలై ఉంటే ఎక్కువ నష్టపోయేది పిల్లలే. పెద్దవాళ్లకు 1896 నుంచీ ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ ఉంది. పిల్లల ఎత్తుకు తగ్గట్టు కట్టిన చోటు మళ్లీ ఎక్కడ దొరికేది? కోర్టుకెళ్లినవాళ్లు ఆ చెట్టును కూడా కాపాడారు. 2011ను గుర్తు చేసుకునేవాళ్లు ఇది మర్చిపోకూడదు.

ఇక తెలుగు సంగతి. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. బడిలో తెలుగు దొరకని పిల్లలకు మిగిలింది ఇల్లూ, లైబ్రరీ. 1947 జులైలో చందమామ మొదలైంది ఈ ఊళ్లోనే. మా బీరువాలో దాని బైండు సంపుటాలు పై అరలో ఉన్నాయి, అద్దాల తలుపుకు తాళం. తాళంచెవి లైబ్రేరియన్ సొరుగులో ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల వెళ్లి అడుగుతుందా? మా అమ్మాయి అద్దానికి ముక్కు ఆనించి, వీపుల మీది అక్షరాలు కూడబలుక్కుని వచ్చేస్తుంది.

కొత్త ప్లానులో ఆ బీరువాను మెట్ల కింద పెడతామంటున్నారు. దీన్ని మాత్రం పేపర్ల గదివాళ్లతో కలిసి నేనూ వ్యతిరేకిస్తాను.

తల్లులం కొందరం కలిసి ఒక అర్జీ రాశాం. పిల్లలు బడి నుంచి వచ్చేది నాలుగు తర్వాత. పేపర్ చదివేవాళ్లు పదకొండుకల్లా వెళ్లిపోతారు. గది ఒకటే అయినా పూట వేరు, కాబట్టి పేపర్ స్టాండ్లు చక్రాల మీద పెట్టండి, చెట్టు కట్టండి, తెలుగు పుస్తకాలు తాళం లేని కింది అరలో ఉంచండి అని అడిగాం. ఇంటిపన్నులో రూపాయికి పది పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నామని కూడా రాశాం.

నిన్నటికి పదకొండు సంతకాలు పడ్డాయి. వాటిలో రెండు పేపర్ల గదివాళ్లవి.