రోడ్డు మీద కనిపించని జనం

గుంటూరులోని ఒక కాలేజీలో అంటురోగాల మీద ప్రసంగం ముగించాక వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి అడిగింది. "సర్, మళ్లీ కోవిడ్ లాంటి జబ్బు వస్తే మనవాళ్లు లాక్‌డౌన్ పాటిస్తారంటారా? పోయినసారి నెల తిరక్కుండానే విసుగెత్తిపోయారు కదా!" గదిలో చాలా తలలు ఊగాయి. పక్కనున్న లెక్చరర్ "మన జనానికి క్రమశిక్షణ తక్కువమ్మా" అని ముగించేశారు. విజయవాడకు తిరిగి వచ్చే బస్సు వారధి దాటేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. విసుగు, క్రమశిక్షణ అన్న రెండు మాటలూ అసలు సంగతిని కప్పేస్తున్నాయని నా గట్టి నమ్మకం. అందుకే ఈ వ్యాసం. వైరస్ ఆకారం, దాని ముళ్లు, టీకా పనిచేసే తీరు జోలికి పోను. అవి అందరూ విన్నవే. నేను చెప్పదలచుకున్నది వీధిలో మనిషి మనసులో వేసుకునే లెక్క గురించి.

జనం తొందరగా అలిసిపోతారన్న మాట మన దగ్గర పుట్టింది కాదు. 2020 మార్చిలో బ్రిటన్‌లో ఆంక్షలు మరీ ముందుగా పెడితే అసలు అవసరమైన వేళకు ప్రజలు విసిగిపోతారన్న వాదన అధికారుల నోట వినిపించింది. దీనికి ఆధారం ఏమిటో చూపించమని ప్రవర్తనా శాస్త్రాల పరిశోధకులు 600 మందికి పైగా బహిరంగ లేఖ రాశారు. అదే ఏడాది చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయం కూడా 'మహమ్మారి అలసట' అన్న మాట వాడింది. మాట బాగుంది, నోటికి సులువుగా వస్తుంది. కానీ అది మనసును కండరంలా చూపిస్తుంది. బరువు మోస్తూ ఉంటే చెయ్యి ఎలా పడిపోతుందో, నియమం పాటిస్తూ ఉంటే మనసూ అలా పడిపోతుందట. అది నిజమైతే అలిసిన చెయ్యి విశ్రాంతి తీసుకుంటే తప్ప మళ్లీ లేవకూడదు.

మా వీధి చివర కిరాణా కొట్టు ముందు నేను చూసింది అందుకు భిన్నంగా ఉంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన రెండో రోజో మూడో రోజో కొట్టు యజమాని సున్నంతో గుండ్రాలు గీశాడు. వారం రోజులు ఒక్కొక్కరూ ఒక్కో గుండ్రంలో బుద్ధిగా నిలబడ్డారు. ఆ తర్వాత ఎండకు తాళలేక గుండ్రంలో సంచి పెట్టి అరుగు నీడకు చేరారు. సంచి ఉంటే మనిషి ఉన్నట్టే. అరుగు మీద ముగ్గురు, నలుగురు, ఏడుగురు అయ్యారు. కొన్నాళ్లకు సున్నం చెరిగిపోయి, సంచులు కూడా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 'ఇక అయిపోయింది, జనం అలిసిపోయారు' అని నేనూ అనుకున్నాను. ఒకరోజు తెల్లవారే సరికి ఆ యజమాని భార్య ముగ్గుపిండితో గుండ్రాలన్నీ కొత్తగా దిద్దింది. వాకిట్లో పెట్టే ముగ్గులంత శ్రద్ధగా, అంచులు కలిసేలా దిద్దింది. ఆ ఉదయం అరుగు మీద ఒక్కరూ లేరు. అదే ఎండ, అదే జనం. అందరూ గుండ్రాల్లోనే నిలబడ్డారు.

అలిసిన కండరం ముగ్గుపిండితో కోలుకోదు కదా. ఆ ఉదయం మారిందేమిటి?

దీనికి జవాబు ఆర్థికవేత్తలు ప్రయోగశాలలో ఆడించే ఒక ఆటలో ఉంది. దాన్ని ఓపిగ్గా, రూపాయల్లో చెబుతాను. నలుగురు మనుషులు. తలా 20 రూపాయలు ఇస్తారు. మధ్యలో ఒక డబ్బా. ఎవరికి తోచినంత వారు రహస్యంగా అందులో వేయవచ్చు. డబ్బాలో పడిన ప్రతి రూపాయికీ నలుగురిలో ఒక్కొక్కరికి 40 పైసలు వస్తాయి, అంటే వేసిన ఒక్క రూపాయి నలుగురికీ కలిపి 1.60 అవుతుంది. అందరూ మొత్తం వేస్తే డబ్బాలో 80, తలా 32 రూపాయలు. ఎవరూ వేయకపోతే తలా ఉన్న 20 మాత్రమే. ముగ్గురు మొత్తం వేసి ఒక్కడు చేయి ముడుచుకుంటే? డబ్బాలో 60, తలా 24. కానీ ముడుచుకున్నవాడికి తన 20 కూడా మిగిలింది కాబట్టి 44. మంచివాళ్లకు 24, తప్పించుకున్నవాడికి 44. ఇంట్లో కూర్చోవడం కూడా ఈ డబ్బాలో రూపాయి వేయడమే. నా కష్టం పూర్తిగా నాది, దాని ఫలం వీధంతటిదీ.

ఈ ఆటను పదిసార్లు ఆడిస్తే జరిగేది ఇంచుమించు ఎక్కడైనా ఒకటే. మొదట సగం దాకా వేస్తారు. తర్వాత ప్రతి విడతకూ తగ్గుతూ, చివరికి డబ్బా దాదాపు ఖాళీ. చూడగానే అలసట అనిపిస్తుంది. కానీ 1988లో అమెరికన్ ఆర్థికవేత్త జేమ్స్ ఆండ్రియోని ఒక చిన్న మెలిక పెట్టారు. పది విడతలూ అయ్యాక, చెప్పాపెట్టకుండా 'మళ్లీ మొదటి నుంచి ఆడదాం' అన్నారు. డబ్బాలో డబ్బు మళ్లీ పైకి లేచింది! అలిసిపోయినవాళ్లు ఒక్క ప్రకటనతో ఎలా లేచారు? నాకు ఈ ఫలితం చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. ముగ్గు గుండ్రాల ఉదయం ఇదే.

మరి తగ్గింది ఏమిటి? 2001లో ఊర్స్ ఫిష్‌బాకర్, సైమన్ గెక్టర్, ఎర్న్‌స్ట్ ఫేర్ దాన్ని విడదీసి చూశారు. 'మిగతావాళ్లు సగటున ఇంత వేస్తే నువ్వెంత వేస్తావు' అని ప్రతి మొత్తానికీ విడివిడిగా అడిగారు. దాదాపు సగం మంది ఇతరులు ఎంత వేస్తే తామూ ఆ మేరకే వేస్తామన్నారు. సుమారు 30 శాతం మంది ఏం జరిగినా సున్నా. అంటే మనలో పెద్ద వర్గం త్యాగులూ కాదు, దొంగలూ కాదు, 'నలుగురితో పాటు నేనూ' అనేవాళ్లు. ఇందులోనే ఒక సూక్ష్మం ఉంది. ఆ నలుగురితో పాటు వాళ్లు కూడా పక్కవాడికంటే రవ్వంత తక్కువ వేస్తారు. ఆ రవ్వే కొంప ముంచుతుంది. ప్రతి ఒక్కరూ నిన్నటి సగటులో పదో వంతు తగ్గించారనుకోండి. 10 రూపాయల దగ్గర మొదలైతే రెండో విడతకు 9, మూడో విడతకు 8.10, నాలుగో విడతకు 7.29. పదో విడతకు 4 రూపాయలు కూడా ఉండవు. ఎవరూ అలిసిపోలేదు. ఎవరూ చెడిపోలేదు. పక్కవాడి మీద అంచనా ఒక్కో మెట్టూ దిగింది, అంతే. మన పాఠ్యపుస్తకాల్లో చక్రవడ్డీ నేర్పుతాం, నమ్మకం ఇలా తరిగే లెక్క నేర్పం. పదో తరగతి పిల్లలకు పావుగంటలో ఆడించి చూపించవచ్చు. నేను చేసి చూశాను, ఆరో విడతకల్లా పిల్లలు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రయోగశాలలో ప్రతి విడత తర్వాత డబ్బాలో ఎంత పడిందో అందరికీ చెబుతారు. లాక్‌డౌన్‌లో ఆ లెక్క ఎవరు చెప్పారు?

మా వీధిలో 200 మంది ఉన్నారనుకోండి. 190 మంది ఇళ్లలోనే ఉన్నారు. మీరు పాల ప్యాకెట్ కోసం బయటికి వచ్చారు. దారిలో మీకు పదిమంది కనిపించారు. మీకు కనిపించినవాళ్లలో ఎంతమంది బయట ఉన్నారు? అందరూ! నియమం పాటించేవాడు తలుపు వెనక ఉంటాడు, కంటికి ఆనడు. తప్పినవాడు మాత్రమే రోడ్డు మీద, ఆపైన టీవీలో, ఆపైన ఫోనులో కనిపిస్తాడు. మీరు ఇంటికి వచ్చి "జనమంతా రోడ్ల మీదే ఉన్నారు" అంటారు. నిజానికి 95 శాతం పాటిస్తున్నా మీ మనసులో 60 శాతమే పడుతుంది. 'నలుగురితో పాటు నేనూ' అనే మనిషి దానికి రవ్వంత తగ్గించి నడుస్తాడు. అందరూ అలాగే నడిస్తే కొన్నాళ్లకు ఆ తప్పుడు అంచనాయే నిజమైపోతుంది. తాగునీటి గొట్టం పగిలితే నీరు పైకి వచ్చి కనిపిస్తుంది. నమ్మకం పగిలితే అలా బయటపడదు.

2020 ఏప్రిల్‌లో విజయవాడ కృష్ణలంక సంగతి గుర్తుండే ఉంటుంది. ఒక లారీ డ్రైవరు కాలక్షేపానికి ఇరుగుపొరుగుతో పేకాట ఆడటం వల్ల 24 మందికి, కార్మికనగర్‌లో మరో లారీ డ్రైవరు ద్వారా 15 మందికి సోకిందని అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు ప్రకటించారు. దేశమంతా ఆ వార్త పాకింది. ఆ పేకాట ప్రమాదమే, అందులో సందేహం లేదు. కానీ ఆడటానికి వాళ్లు ఊరు దాటి పోలేదు, మెయిన్ రోడ్డెక్కలేదు. వాళ్ల దృష్టిలో వీధి అరుగు కూడా ఇల్లే. ఇరుకైన ఇళ్లున్న చోట అంతే మరి. అదే కృష్ణలంకలో, కర్రలు అడ్డం కట్టిన సందుల్లో, ఒక గదిలో ఐదారుగురు సర్దుకుని వారాల తరబడి గడిపిన కుటుంబాలు వేలున్నాయి. వాళ్ల మీద ఒక్క వార్తా రాలేదు. దేశం చూసింది పేకముక్కలను మాత్రమే.

ఇంకో చిక్కు, ఆలస్యం. వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి సగటున ఐదు రోజులు, కొందరికి 14 రోజులు. ఆపైన పరీక్ష, దాని ఫలితం. అంటే ఇవాళ మనం ఇంట్లో ఉన్న ఫలం రెండు వారాల తర్వాతి బులెటిన్‌లో గాని కనిపించదు. ఈలోగా కేసులు పెరుగుతూనే ఉంటాయి. 'మేమింత పాటిస్తున్నా తగ్గలేదంటే ఎవరో పాటించడం లేదు' అన్న అనుమానం అక్కడ పుడుతుంది.

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది కొత్త కాదు. కాలువ నీటికి వంతులు పెడితే, పైన ఎవరో రాత్రికి రాత్రి తూము ఎత్తారన్న పుకారు చాలు, తెల్లారేసరికి నాలుగు తూములు లేస్తాయి. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లా కాలువల కింది ఊళ్లను ఏళ్ల తరబడి పరిశీలించారు. నీళ్లకు కటకటలాడే చివరి ఊళ్లలోనే రైతులు గట్టిగా కలిసి నిలబడ్డారని గమనించారు. ఊరి ఉమ్మడి నిధి నుంచి జీతమిచ్చి, అందరి పొలాలకూ నీళ్లు పెట్టే మనుషులను నియమించుకున్నారు. ఆ మనుషులు నీళ్లు పంచడంతో పాటు ఇంకో గొప్ప పని చేస్తారు. పక్క రైతు ఏం చేస్తున్నాడో అని రాత్రంతా గట్టు మీద కాపలా కాయాల్సిన అవసరం తప్పిస్తారు. నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ కూడా ఇలాంటి ఉమ్మడి వనరుల మీదే జీవితమంతా పనిచేశారు. తప్పు చేసినవాడికి మొదట చిన్న శిక్ష, మళ్లీ చేస్తే పెద్దది, అదీ ఊరివాళ్లే వేయడం నిలకడగా నడిచే చోట్ల సాధారణమని చూపించారు. మొదటి రోజే లాఠీ ఎత్తడం దీనికి పూర్తిగా విరుద్ధం. లాఠీ చూసినవాడు పోలీసులు లేని సందు వెతుక్కుంటాడు.

అధికారంలో ఉన్నవాడే నియమం తప్పితే ఏమవుతుందో కొలిచిన ఉదాహరణ ఉంది. బ్రిటన్ ప్రధాని సలహాదారు డొమినిక్ కమింగ్స్ లాక్‌డౌన్‌లోనే లండన్ నుంచి డరమ్ వెళ్లాడని 2020 మే 22న బయటపడింది. అప్పటికే 40 వేల మందికి పైగా జనాన్ని వరసగా ప్రశ్నిస్తున్న ఒక పరిశోధక బృందం లెక్క తీస్తే, ఇంగ్లండ్‌లో ప్రభుత్వం మీద నమ్మకం ఒక్కసారిగా పడిపోయింది. సొంత ప్రభుత్వాలున్న స్కాట్లాండ్, వేల్స్‌లలో అక్కడి ప్రభుత్వాల మీద అలా పడలేదు.

విసుగు అసలు లేదని అనను. 14 దేశాల్లో 2020 మార్చి నుంచి డిసెంబరు దాకా సేకరించిన సమాధానాలను విశ్లేషించిన ఒక అధ్యయనంలో దూరం పాటించడం కొంత సడలింది. కానీ అదే కాలంలో మాస్కు పెట్టుకోవడం పెరిగింది! మాస్కుకు ఖర్చు, కష్టం తక్కువని వాళ్ల వివరణ. నాది ఇంకొకటి కూడా. మాస్కు ఎదుటివాడి ముఖాన కనిపిస్తుంది. ఎవరు వేశారో లెక్క తెలిసిపోతుంది. ఖర్చు మాటా చిన్నది కాదు. ఆటోనగర్‌లో రోజు కూలికి పనిచేసే మెకానిక్‌కీ, మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీకీ ఇంట్లో కూర్చోవడం అంటే ఆ 20 రూపాయలూ డబ్బాలో వేయడమే. జీతం ఇంటికి వచ్చే నాకు అది రెండు రూపాయలు కూడా కాదు. తెల్లకార్డు కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన వెయ్యి రూపాయలు ఎన్ని రోజులు వస్తాయో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. వాళ్లు బయటికి వస్తే దాన్ని క్రమశిక్షణ లేకపోవడం అనడం అన్యాయం.

మా అమ్మమ్మ కాలంలో మశూచి వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అమ్మవారు పోసిందనేవారు. జబ్బు దేవత కోపం కాదు, వేపాకు దాన్ని ఆపలేదు. ఈ మాట పిల్లలకు గట్టిగా చెప్పాల్సిందే. కానీ ఆ మండను చూసి ఎవరూ గుమ్మం తొక్కేవారు కాదు, ఆ ఇంటివాళ్లు ఎవరింటికీ పోయేవారు కాదు. పోలీసు లేడు, జరిమానా లేదు. ఆ ఇల్లు నియమం పాటిస్తోందని వీధంతటికీ కనిపించేది.

లాక్‌డౌన్‌లో అలాంటిది నేను ఒక్క రాత్రే చూశాను. 2020 ఏప్రిల్ 5, రాత్రి 9 గంటలు, దీపాలు వెలిగించమని ప్రధాని పిలుపునిచ్చిన ఆ తొమ్మిది నిమిషాలు. దీపాల వేడికి వైరస్ చస్తుందని ఫోన్లలో తిరిగిన కబురు శుద్ధ అబద్ధం. ఆ మాట మా మేడ మీద నిలబడి పక్కింటివాళ్లతో గట్టిగానే వాదించాను. వాదిస్తూనే చుట్టూ చూశాను. మా వీధి, వెనక వీధి, దూరంగా కొండ మీది ఇళ్లు. ప్రతి మేడ మీదా, ప్రతి కిటికీలోనూ వెలుగు. అన్ని రోజులూ ఖాళీ రోడ్డును, అందులో పదిమందిని చూసిన నాకు, ఇంట్లో ఉన్నవాళ్లు ఎందరో అప్పుడు తెలిసింది. మర్నాడు పాలకు వెళ్లినప్పుడు మళ్లీ ఆ పదిమందే ఎదురయ్యారు. ఈసారి వాళ్లు నాకు పదిమందిలాగే కనిపించారు.