దుబాయ్‌లో ఫ్లాటు: మనవాళ్ల అపోహలు, నేను రోజూ చూసే వాస్తవాలు

దుబాయ్‌లో ఇళ్ల అమ్మకాలు, కొనుగోళ్లు చూడటం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో తెలుగువారు ఎక్కువ. ఇక్కడే ఉద్యోగం చేసుకుంటూ దాచుకున్నవారు కొందరు, హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చేవారు కొందరు. హైదరాబాద్ హోటళ్లలో జరిగే దుబాయ్ ప్రాపర్టీ ప్రదర్శనకు వెళ్లి, అక్కడికక్కడే అడ్వాన్సు కట్టేసి, ఆ తర్వాత ఫోను చేసి సలహా అడిగేవారిని చూస్తే బాధ కలుగుతుంది. ఆ ప్రశ్నలన్నీ సంతకానికి ముందు అడగాల్సినవి.

అపోహ: మన పేరు మీద రిజిస్ట్రేషన్ జరగదు, అరబ్బు భాగస్వామి ఉండాలి

అవసరం లేదు. 2006 నాటి 7వ నంబరు చట్టం ప్రకారం ప్రభుత్వం నిర్దేశించిన ప్రాంతాల్లో విదేశీయులు పూర్తి యాజమాన్య హక్కుతో (ఫ్రీహోల్డ్) కొనవచ్చు. దుబాయ్ మరీనా, డౌన్‌టౌన్, బిజినెస్ బే, జుమేరా విలేజ్ సర్కిల్ అలాంటివే. పాస్‌పోర్టు చాలు, ఇక్కడి నివాస వీసా కూడా అక్కర్లేదు. అయితే నగరమంతా ఫ్రీహోల్డ్ కాదు. కొన్నిచోట్ల దక్కేది దీర్ఘకాలిక లీజు మాత్రమే. మీకు దక్కేది ఏదో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

అపోహ: స్థలం ఎక్కడికి పోతుంది, ధర పెరగక మానదు

అన్నిటికంటే లోతుగా పాతుకున్న నమ్మకం ఇదే. కోకాపేటలోనో మంగళగిరిలోనో భూమి ధర పెరగడం కళ్లారా చూసినవారు కాబట్టి, ఇక్కడికి వచ్చినా మొదట అడిగేది భూమిలో వాటా ఎంత అనే. కానీ ఇక్కడ మీరు కొనేది నలభై అంతస్తుల భవనంలో ఒక ఫ్లాటు. దాని పక్కనే ఖాళీ ఇసుక నేల ఉంటుంది. రేపు అదే బిల్డరు అందులో ఇంకో భవనం మొదలుపెట్టి, మీకు ఇచ్చినదాని కంటే మంచి వాయిదాలకు అమ్మవచ్చు. అప్పుడు మీ ఫ్లాటును ఎవరు కొంటారు?

చరిత్ర చూడండి. 2008లో శిఖరానికి చేరిన ధరలు ఆ తర్వాత దాదాపు సగానికి కూలాయి. 2009 నవంబరులో ప్రభుత్వ సంస్థ దుబాయ్ వరల్డ్ అప్పుల చెల్లింపునకు గడువు కోరితే, అబూదబి వెయ్యి కోట్ల డాలర్లతో ఆదుకోవాల్సి వచ్చింది. 2014 తర్వాత కూడా ధరలు ఏళ్ల తరబడి మెల్లగా దిగుతూనే వచ్చాయి. 2021లో మొదలైన పరుగును మాత్రమే చూసినవారు ఇదే శాశ్వతం అనుకుంటున్నారు.

నేను చూసేది రెండు విషయాలు: ఆ కాలనీలో రాబోయే రెండు మూడేళ్లలో ఎన్ని కొత్త ఫ్లాట్లు చేతికి వస్తాయి, అక్కడ అద్దెకు ఉండాల్సిన అవసరం ఎవరికి ఉంది. మెట్రో బ్లూ లైన్ 2029లో రావాల్సి ఉంది. అల్ మక్తూమ్ విమానాశ్రయ విస్తరణకు 2024లో 12,800 కోట్ల దిర్హాముల ప్రణాళిక ప్రకటించారు. రెండూ నిజమే. కానీ రాబోయే స్టేషన్ విలువను బిల్డరు ఈరోజు ధరలోనే కలిపేస్తున్నాడు.

అపోహ: ఏడు శాతం అద్దె గ్యారంటీ

ఒక లెక్క వేద్దాం. ఫ్లాటు ధర పది లక్షల దిర్హాములు, విస్తీర్ణం 800 చదరపు అడుగులు, ఏడాది అద్దె 70 వేలు. బ్రోషర్‌లో ఇది ఏడు శాతం. కొనేటప్పుడు ల్యాండ్ డిపార్ట్‌మెంట్ రుసుము 4 శాతం, బ్రోకరు కమీషను 2 శాతం, దానిపై వ్యాట్, ఇతర ఖర్చులు కలిపి మరో 65 వేలు అవుతాయి. భవనం ఉమ్మడి నిర్వహణకు కట్టే సర్వీసు చార్జీ అడుగుకు 16 దిర్హాములైతే ఏడాదికి 12,800. అద్దె వ్యవహారాలు చూసే సంస్థకు అద్దెలో 5 శాతం, అంటే 3,500. ఖాళీగా ఉన్న రోజులకు ఓ 3,000 తీసేయండి. చివరికి మిగిలేది 50,700. పెట్టుబడి మీద ఐదు శాతం కూడా కాదు. ఏసీ కోసం కేంద్రీకృత శీతలీకరణ ఉన్న భవనమైతే, ఆ బిల్లులో ఏ భాగం యజమానిది, ఏ భాగం కిరాయిదారుదో కూడా అడగండి.

అద్దె ఇష్టం వచ్చినట్టు పెంచడానికీ లేదు. 2013 నాటి 43వ నంబరు ఉత్తర్వు ప్రకారం, మీ అద్దె మార్కెట్ సగటు కంటే పది శాతం లోపే తక్కువగా ఉంటే ఒక్క దిర్హాము కూడా పెంచలేరు. ఎంత తక్కువగా ఉన్నా ఒకసారి 20 శాతానికి మించి పెంచకూడదు. సొంతానికి కావాలన్నా, అమ్మాలన్నా కిరాయిదారుకు నోటరీ ద్వారా లేదా రిజిస్టర్డ్ పోస్టులో పన్నెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఇది న్యాయమైన చట్టమని నా అభిప్రాయం. మన తెలుగువారిలో ఎంతోమంది ఇక్కడ కిరాయిదారులే.

అపోహ: డబ్బు ఎస్క్రో ఖాతాలో ఉంటుంది కాబట్టి భయం లేదు

ఇంకా కట్టడం పూర్తికాని ఫ్లాటుకు మీరు కట్టే డబ్బు ఎస్క్రో అనే ప్రత్యేక బ్యాంకు ఖాతాలోకి వెళ్తుంది. 2007లో వచ్చిన ఎస్క్రో చట్టం గొప్ప రక్షణే. మీరు కట్టిన సొమ్మును బిల్డరు వేరే ప్రాజెక్టుకు మళ్లించకుండా అది ఆపుతుంది. ఆలస్యాన్ని మాత్రం ఆపదు. మీ వాయిదా తప్పినా మిమ్మల్ని కాపాడదు. చట్టప్రకారం నోటీసు ఇచ్చాక కూడా మీరు కట్టలేకపోతే, నిర్మాణం 60 శాతం దాటి ఉంటే ఫ్లాటు ధరలో 40 శాతం వరకు బిల్డరు ఉంచుకోవచ్చు. పని మొదలై ఇంకా 60 శాతానికి చేరకపోతే 25 శాతం వరకు. గమనించండి, ఇది మీరు కట్టినదానిలో శాతం కాదు, మొత్తం ధరలో శాతం.

“సగంలో అమ్మేసి లాభం తీసుకుందాం” అనేవారికి మరో మాట. కొంత శాతం, చాలాచోట్ల 30 నుంచి 40 శాతం, చెల్లించేదాకా తిరిగి అమ్ముకోవడానికి బిల్డరు అనుమతి పత్రం ఇవ్వడు. ప్రాజెక్టు నమోదైందా, బ్రోకరుకు లైసెన్సు ఉందా అనేది ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వారి ‘దుబాయ్ రెస్ట్’ యాప్‌లో మీరే చూసుకోవచ్చు.

అపోహ: దుబాయ్‌లో పన్ను లేదు, భారత్‌లో చెప్పాల్సిన పనీ లేదు

దుబాయ్‌లో వ్యక్తులకు ఆదాయపు పన్ను లేదు. కానీ మీరు భారత్‌లో నివాసి అయితే ఆ అద్దెను మన రిటర్నులో చూపాలి, విదేశీ ఆస్తుల పట్టికలో ఫ్లాటు వివరాలు రాయాలి. దాచితే నల్లధనం చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. డబ్బు పంపాల్సింది బ్యాంకు ద్వారా, మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలోనే. పది లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ (మూలంలోనే వసూలు చేసే పన్ను) బ్యాంకు ముందే పట్టుకుంటుంది. అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. హవాలా సలహా ఇచ్చే బ్రోకరును అక్కడే వదిలేయండి. విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) కింద జరిమానా ఆ సొమ్ముకు మూడు రెట్ల వరకు ఉండవచ్చు.

అపోహ: ఇల్లు కొంటే గోల్డెన్ వీసా

ఇరవై లక్షల దిర్హాముల విలువైన ఆస్తి ఉంటే పదేళ్ల వీసాకు అర్హత వస్తుంది. అది పౌరసత్వం కాదు, ఉద్యోగమూ కాదు.

అపోహ: చూడటానికి డిసెంబరే మంచిది

విహారానికి మంచిదే. కొనేవారు ఆగస్టులో రండి. మధ్యాహ్నం మూడింటికి పడమటి గదిలో నిలబడండి, ఫ్లాటు నుంచి బస్టాపు దాకా నడవండి. కిరాయిదారు ఏడాదికి ఐదు నెలలు పడే అవస్థ ఏమిటో తెలుస్తుంది. 2024 ఏప్రిల్ 16న కురిసిన కుండపోతకు ఆ కాలనీ మునిగిందా అని సెక్యూరిటీ సిబ్బందిని అడగండి. సామానులో గసగసాలు మాత్రం పెట్టుకోకండి. మన మసాలా డబ్బాలో ఉండే వస్తువే అయినా యూఏఈలో నిషిద్ధం.

అపోహ: యజమాని పోతే ఆస్తి షరియా ప్రకారమే పంచుతారు

ముస్లిమేతరులకు 2023 ఫిబ్రవరి నుంచి వేరే చట్టం అమల్లో ఉంది. వీలునామా లేకపోతే సగం జీవిత భాగస్వామికి, మిగతా సగం కొడుకులు, కూతుళ్లు అనే తేడా లేకుండా పిల్లలందరికీ సమానంగా వెళ్తుంది. అయినా వీలునామా నమోదు చేయించండి. అది లేని కుటుంబాలు కోర్టు కాగితాలు, అరబిక్ అనువాదాలు, ధ్రువీకరణల చుట్టూ నెలల తరబడి తిరుగుతాయి. దంపతులు కొంటుంటే టైటిల్ డీడ్‌లో ఇద్దరి పేర్లూ రాయించండి. పిల్లలు మైనర్లైతే సంరక్షకులు ఎవరో కూడా వీలునామాలోనే పేర్కొనండి.