ఇంకా ఎన్ని సెకన్లు?

దేవరకొండ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "రాత్రి డాబా మీద పడుకుంటే శంషాబాద్ వెళ్ళే విమానాల దీపాలు ఒక్కోసారి రెండూ తగులుకున్నట్టే కనిపిస్తాయి. నిజంగా తగలబోతే పైలట్లకు ఎట్లా తెలుస్తుంది?"

కింద నుంచి చూసేవారికి ఎత్తులో తేడా అందదు. ఒకదాని కింద ఒకటి వెయ్యి అడుగుల ఎడంతో, అంటే సుమారు 305 మీటర్ల దూరంలో పోతున్నా మన కంటికి రెండు చుక్కలూ కలిసిపోతాయి. ఎవరు ఏ ఎత్తులో ఉండాలో నేల మీద ఉండే కంట్రోలర్ చెబుతారు, పైలట్ పాటిస్తారు. రోజూ జరిగే పని, దాన్ని వదిలేద్దాం. ఆ ఏర్పాటు తప్పినప్పుడు మేలుకునే యంత్రం ఒకటి విమానంలోనే ఉంది. దాని పేరు టీకాస్. నాకు అదంటే పిచ్చి ఇష్టం.

1996 నవంబర్ 12న ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ విమానం 15 వేల అడుగుల దగ్గర ఆగాల్సింది, ఇంకా కిందికి జారింది. 14 వేల అడుగుల ఎత్తులో ఎదురుగా సౌదీ బోయింగ్ 747 వస్తోంది. చర్ఖీ దాద్రీ దగ్గర 349 మంది పోయారు. మన దేశంలో టీకాస్ తప్పనిసరి అయింది ఆ తర్వాతే.

ఈ యంత్రం తెలివంతా ఒక్క ప్రశ్నలో ఉంది. "ఎంత దూరంలో ఉంది?" అని కూర్చోదు, "ఇంకా ఎన్ని సెకన్లు?" అని అడుగుతుంది. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే దాటేవాళ్ళు చేసేదీ ఇదే. 50 మీటర్ల దూరంలో ట్రాక్టర్ ఉంది, గంటకు 18 కిలోమీటర్ల వేగం. మనదాకా రావడానికి పది సెకన్లు. 200 మీటర్ల అవతల బస్సు ఉంది, వేగం 90. అది ఎనిమిది సెకన్లలో వచ్చేస్తుంది. దగ్గరున్న ట్రాక్టర్ కంటే దూరాన ఉన్న బస్సే ముందు మన మీదికొస్తుంది. ఇప్పుడు మీటరు దూరంలో, సెకనుకు పది సెంటీమీటర్లు మనవైపు జరుగుతూ ఒక లారీ ఉందనుకోండి. లెక్క ప్రకారం దానికీ పది సెకన్లే. అయినా ఎవరూ దాని పక్కన నిలబడరు, డ్రైవర్ స్టీరింగ్ కాస్త తిప్పితే చాలు కదా! అందుకే సెకన్లు ఎన్ని మిగిలినా సరే, ఇంతకంటే దగ్గరికి రానివ్వొద్దని ఒక కనీస దూరం కూడా పెట్టుకోవాలి. టీకాస్ లోపల ఈ రెండు లెక్కలూ ఉన్నాయి.

ఎదురెదురు రైళ్ళు ఎప్పుడు కలుస్తాయన్న లెక్కను బడిలో మార్కుల కోసం చేయించి వదిలేస్తాం. అదే లెక్క ఆకాశంలో ప్రాణాలు కాపాడుతోందని ఒక్క మాట చెబితే పిల్లలు దాన్ని చూసే తీరే మారుతుంది.

ఇక లోపలి సంగతి. టీకాస్ 1030 మెగాహెర్ట్జ్ మీద పలకరిస్తే అవతలి విమానం ట్రాన్స్‌పాండర్, అంటే జవాబిచ్చే రేడియో పెట్టె, 1090 మీద బదులిస్తుంది. రేడియో తరంగం పోయి రావడానికి కిలోమీటరుకు 6.67 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం నుంచి దూరం, సెకను సెకనుకూ దూరం తగ్గే తీరు నుంచి వేగం తేలతాయి. దూరాన్ని వేగంతో భాగిస్తే మిగిలిన సమయం. అవతలి విమానం ఎత్తు దాని జవాబులోనే వస్తుంది. 5 వేల నుంచి 10 వేల అడుగుల ఎత్తు మధ్య 40 సెకన్లు మిగిలితే "ట్రాఫిక్" అని హెచ్చరిక, 25 సెకన్లకు "ఎక్కు" లేదా "దిగు" అని ఆజ్ఞ. ఆ ఎత్తులో ఆజ్ఞకు పెట్టుకున్న కనీస దూరం సుమారు ఒక కిలోమీటరు. ఇంకా కిందికొచ్చేకొద్దీ ఈ హద్దులు కుదించుకుంటూ పోతారు. ఎయిర్‌పోర్ట్ దగ్గర విమానాలు ఎలాగూ దగ్గరగానే ఉంటాయి, అదే హద్దులు ఉంచితే యంత్రం ఊరికే అరుస్తూనే ఉంటుంది.

రెండు విమానాలూ "ఎక్కు" అనే అనుకుంటే? యంత్రాలు రెండూ మాట్లాడుకుంటాయి. ప్రతి విమానానికీ 24 బిట్ల సంఖ్య ఒకటి ఉంటుంది. పెద్ద సంఖ్య ఉన్నది తన నిర్ణయం తిప్పుకుంటుంది. ఫ్యాన్సీ నంబర్ల వేలంలో లక్షలు పోసేవాళ్ళు గమనించాలి, ఇక్కడ నంబరుకు నిజంగానే పనుంది!

యంత్రం ఒకటి, మనిషి ఇంకొకటి చెబితే? 2002 జూలై 1న జర్మనీలోని యూబర్‌లింగెన్ మీద సరిగ్గా అదే జరిగింది. రష్యా టుపోలెవ్ విమానాన్ని టీకాస్ ఎక్కమంది, కంట్రోలర్ దిగమన్నారు. పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. ఎదుటి సరుకు విమానం తన టీకాస్ చెప్పినట్టు దిగింది. 71 మంది చనిపోయారు. ఇప్పుడు నిబంధన స్పష్టం: ఆ క్షణంలో టీకాస్ ఆజ్ఞదే పైచేయి.

అయితే నేలకు సుమారు వెయ్యి అడుగుల లోపు టీకాస్ ఆజ్ఞలు ఇవ్వదు. అంత కింద "దిగు" అంటే నేలను గుద్దుకోవచ్చు. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో రన్‌వేకి దిగుతున్న ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ సుమారు 300 అడుగుల ఎత్తులో ఢీకొన్నాయి. విమానంలోని టీకాస్ దాదాపు 20 సెకన్ల ముందే "ట్రాఫిక్, ట్రాఫిక్" అంది. ఎటు తప్పుకోవాలో మాత్రం చెప్పలేదు, ఆ ఎత్తులో చెప్పకుండా ఉండేలాగే దాన్ని తయారుచేశారు. 67 మంది చనిపోయారు.